లీమరు, ఎర్రతల బాతు, మా నాయన కట్ట కేక

మా నాయన నీరుగంటి. ఈ మాట నేను ఎక్కడైనా గట్టిగానే చెబుతాను. చెరువు నీళ్ళు ఏ మడికి ఎప్పుడు వదలాలో, ఎంతసేపు వదలాలో, తూము ఎప్పుడు మూయాలో చూసుకునే మనిషిని మా వైపు నీరుగంటి అంటారు. బెళుగుప్ప దగ్గర మా ఊళ్ళో ఆ పని మా ఇంటిది. తాత చేశాడు, తాత నాయన చేశాడు. మా నాయన దగ్గరికి వచ్చేసరికే చిక్కొచ్చిపడింది. తూము తిప్పే ఇనుప పిడి ఆయన చేతికి వచ్చిన కొన్నాళ్ళకే చెరువు ఎండిపోయింది. నేను పలకాబలపం పట్టిన నాటి నుంచి సైన్స్ పంతులమ్మనయ్యేదాకా ఆ చెరువులో చూసింది తుమ్మచెట్లు, మేకలు, క్రికెట్ ఆడే పిల్లలు.

"ఏమప్పా నీరుగంటీ, ఈ పొద్దు ఎవరి మడికి వదుల్తాండావు నీళ్ళు?" అని టీ అంగడి దగ్గర ఎగతాళి చేసేవాళ్ళు. నాయన నవ్వి ఊరుకునేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. పదో తరగతిలో ఉండగా ఒకసారి ఆగలేకపోయాను. "మీ ఇంట్లో తాగేదానికి ఉండాయో లేవో ముందు పోయి చూసుకో!" అని అరిచేసి వచ్చాను. ఆ రోజు అమ్మ చేతిలో నాకు బాగానే పడ్డాయి.

ఎవరెంత నవ్వినా నాయన ఒక పని మానలేదు. ప్రతి అమావాస్యకు తలుపు వెనక తగిలించిన పిడి తీసుకుని, చిన్న గిన్నెలో ఆముదం పోసుకుని కట్ట మీదికి పోయేవాడు. తూము మరకు ఆముదం పట్టించి, పైకి ఒకసారి, కిందికి ఒకసారి తిప్పి వచ్చేవాడు. "నా తలకు పెట్టేదానికి ఆముదం లేదు గానీ ఎండిపోయిన తూముకు ఉండాది!" అని అమ్మ అమావాస్య అమావాస్యకూ ఆయన్ను దులిపేసేది.

రెండేళ్ళ కిందట కాలువ నీళ్ళు మా చెరువుకు మళ్ళాయి. వానలు కూడా కలిసొచ్చాయి. చెరువు నిండింది. ఎక్కువైన నీళ్ళు మరువ మీంచి పొర్లి కిందికి దూకుతుంటే ముసలివాళ్ళు ఏడ్చారు. గంగమ్మకు పసుపు కుంకుమలు, చీర, రవిక వదిలారు. పక్క ఊళ్ళో తుప్పు పట్టిన తూమును గడ్డపారలతో పగలగొట్టుకున్నారట. మా తూము నాయన ఒంటిచేత్తో తిప్పితే తిరిగింది. నీళ్ళు మడుల కాలువలోకి దూకాయి. ఆ రోజు టీ అంగడి మనిషి నాయనకు టీ ఇచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను కావాలనే అక్కడికి పోయి, ఆయన టీ తాగేదాకా నిలబడి చూసి వచ్చాను.

ఆ చలికాలంలోనే బాతులు దిగాయి. మగవాటికి తల ఎర్రగా, కాల్చిన ఇటుక రంగులో ఉంటుంది. రొమ్ము నలుపు, వీపు బూడిద రంగు. ఆడవి మట్టిరంగు. తేలుతూ తేలుతూ ఉన్నట్టుండి తల కిందికి పెట్టి మాయమయ్యేవి. మనం ఒకచోట చూస్తుంటే ఇంకోచోట తేలేవి. నీళ్ళ అడుగున నాచు, గింజలు, చిన్న నత్తలు వాటి తిండి. పుస్తకంలో చూస్తే ప్రపంచం మొత్తం మీద తగ్గిపోతున్న బాతుల్లో ఇదీ ఒకటని ఉంది. ఎక్కడో మంచు దేశంలో పుట్టి, కొండలు దాటి, మా కరువు ఊరికి రావడమంటే మాటలా! గార్లదిన్నెలో నేను పనిచేసే బడిలో పిల్లలకు వారం రోజులు ఇదే పాఠం చెప్పాను. సిలబస్‌లో లేదని హెడ్మాస్టరు అంటే, "ఉండాల్సింది సార్" అన్నాను.

రెండో చలికాలం వచ్చేసరికి జిల్లా సైన్స్ టీచర్ల సమావేశం పెట్టారు. అనంతపురంలో. ఒక్కొక్కరు పది నిమిషాలు మాట్లాడాలి. ఆపదలో ఉన్న రెండు జీవులను పోల్చాలి, ఒకటి దూరదేశానిది, ఒకటి మన దగ్గరిది. దగ్గరిది ఏదో నేను ఆలోచించనక్కరలేదు. దూరదేశపు దాని కోసం ఫోనులో వెతుకుతుంటే ఒక ఫొటో కనబడి ఫక్కున నవ్వాను. నల్లని, తెల్లని చారల తోక, గుండ్రటి కళ్ళు. పొద్దున్నే ఎండకు ఎదురుగా నేల మీద చతికిలబడి, రెండు చేతులూ చాపి, పొట్ట కాచుకుంటోంది. చలికాలం పొద్దున కట్ట మీద గొంగడి తెరిచి ఎండకు కూర్చునే మా నాయన అచ్చం అట్లాగే ఉంటాడు.

ఆ ఆదివారం ఊరికి పోయి, కట్ట మీద ఆయన పక్కన కూర్చుని, సమావేశం సంగతి చెప్పి ఫోను చూపించాను.

"ఏందిమ్మే ఇది? కోతా?"

"కోతి కాదు నాయనా, కోతికి దూరపు చుట్టం. లీమరంటారు. సముద్రం అవతల మడగాస్కరని ఒక దీవి, ఆడుంటాది."

"దీవంటే సుట్టూ నీళ్ళే గదా. దానికేం కష్టమొచ్చె?"

"సుట్టూ ఉండేవి ఉప్పునీళ్ళు. ఇది ఉండే పక్క వానలు లేవు. మన మాదిరే కరువు సీమ. ముళ్ళకంపలు, కళ్ళిజెముడు చెట్లు. ఏటిగట్టున చింతచెట్లుంటే ఆ కాయలు, ఆకులు తిని బతుకుతాది."

"చింతకాయలు తింటాదా!" నాయన ఫోను లాక్కుని మళ్ళీ చూశాడు. "అయితే మనోడే!"

"ఇంకోటి ఇను. వాటిల్లో ఆడదే పెద్ద. ఆడది తినేదాకా మగది పక్కకు జరిగి నిలబడాల."

"ఈ మాట మీయమ్మకు చెప్పొద్దు తల్లీ," అన్నాడు నాయన. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

తర్వాత ఆపద సంగతి అడిగాడు. అడవి కొట్టి బొగ్గు కాలుస్తున్నారని, పిల్లలను పట్టుకొచ్చి ఇళ్ళలో గొలుసులేసి సాకుతున్నారని చెప్పాను. నా గొంతులో వాళ్ళ మీద కోపం వినబడి ఉంటుంది. నాయన ఫోను నా ఒళ్ళో పెట్టాడు.

"కరువులో ఉన్నోడు బొగ్గు కాల్చక ఏం జేస్తాడు? ఈ చెరువులో తుమ్మ కొట్టి మనం కాల్చలేదా? నీకు పరీక్ష ఫీజు కట్టింది యాడినుంచి అనుకున్నావు? వాళ్ళను తిట్టి రాయొద్దు."

నాయన బాతుల వైపు చూస్తూ, "ఆ చింతకాయలది యాడికీ పోలేదు. ఈ మునకబాతు నీళ్ళు యాడుంటే ఆడికి పోతాది. నీ తమ్ముడు బాతు. నేను ఆ చింతకాయలది," అన్నాడు. నా తమ్ముడు గుంతకల్లులో స్టేషను దగ్గర లగేజీ ఆటో తోలేవాడు. చెరువు నిండగానే ఆటో అమ్మేసి ఊరికి వచ్చాడు. చెరువు కింద మా ఇంటికి నీరుగంటి పనికి ఊరిచ్చిన మాన్యం ఒక చిన్న మడి ఉంది. నిరుడు దాంట్లో కంపలు పీకి, ఈ ఏడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, వరినారు పోశాడు.

ఆ రాత్రే ప్రసంగం రాశాను. నాయన మాట విని మడగాస్కర్ వాళ్ళను తిట్టలేదు. కానీ నా ఊరిని పొగుడుకోకుండా ఉండలేకపోయాను. "లీమరుకు అక్కడ ఉన్న భయం ఎర్రతల బాతుకు మా చెరువులో లేదు. మా ఊళ్ళో దాని మీద ఎవరి చెయ్యీ పడదు" అని చివర రాశాను. పొద్దున నాయనకు చదివి వినిపిస్తే, ఆ ముక్క మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. చదివాను. గొంగడి సర్దుకుని, గొంతు సవరించుకుని, "బాగుండాది," అన్నాడు.

సమావేశం ఇంకో నాలుగు రోజులుందనగా మళ్ళీ ఊరికి వెళ్ళాను. నాయన కట్ట మీద దిగులుగా ఉన్నాడు. రోజూ పొద్దున బాతులను లెక్కపెట్టడం ఆయనకు అలవాటైంది. పది బాతులకు ఒక గులకరాయి పక్కన పెడతాడు. "నాలుగు రోజులుగా తగ్గుతాండాయి. ఇంకో చెరువుకు పోయినాయేమో," అన్నాడు. చూద్దాం పదమని ఇద్దరం చెరువు అంచు వెంట నడిచాం. మూలన లోతు తక్కువున్న చోట, నాచు ఎక్కువగా పెరిగిన చోట, నీళ్ళలో వరసగా కట్టెలు నాటి ఉన్నాయి. కట్టెకూ కట్టెకూ మధ్య నైలాన్ వల. నాయన మోకాళ్ళ లోతు దిగి వలను పైకి లాగాడు. మూడు ఎర్రతలలు వచ్చాయి, మెడలు వేలాడుతూ. నాలుగోది, మట్టిరంగుది, బతికే ఉంది. వలలో రెక్క చిక్కుకుని కొట్టుకుంటోంది.

"ఏ దరిద్రుడు చేసినాడు ఇది?" అని అరిచాను. నాయన ఆ కట్టెలను చూస్తున్నాడు. కానుగ కట్టెలవి, మా దొడ్డి వెనక చెట్టువి. కొనలు ఎట్లా చెక్కి ఉన్నాయో చూస్తే నాకూ అర్థమైంది. మా శెనగకాయ చేను చుట్టూ ఉన్న కట్టెలు కూడా ఇట్లాగే చెక్కి ఉంటాయి. అడవిపందులు రాకుండా మా వైపు చేలకు పాత చీరలు చుట్టి కడతాం. కట్టేది మా తమ్ముడే.

కేకేస్తే తమ్ముడు మడి దగ్గర్నుంచి పరుగెత్తి వచ్చాడు. చచ్చిన బాతులను చూసి బిత్తరపోయాడు.

"చేపల కోసం కట్టినానక్కా. చేనుకు చీరలు కట్టినట్టే కట్టినా. కట్టినాక చీరలు రోజూ ఎవరన్నా ఇప్పుతారా? పడినప్పుడు పడతాయిలే అని ఇడిసిపెట్టినా. బాతులు లోపలికి మునిగి వస్తాయని నాకేం తెలుసు?"

వాడికి నిజంగానే తెలీదు. ఎవరికి తెలుసు మా ఊళ్ళో? చేపలు పట్టే ఇళ్ళవాళ్ళు చెరువు ఎండినప్పుడే తుంగభద్ర పక్కకు వెళ్ళిపోయారు. వాళ్ళుంటే చెప్పేవాళ్ళు, వల సాయంకాలం వేస్తే పొద్దున్నే తీయాలని, పక్షులు మునిగే చోట వేయకూడదని. మేము నీళ్ళు లేకుండా పెరిగినవాళ్ళం. చేనుకు తెలిసిన పని చెరువుకు చేశాం. తమ్ముడు మొలలోంచి కొడవలి తీసి, ఎంతో ఇష్టంగా తెచ్చుకున్న ఆ వలను పరపరా కోసి ఆడబాతును విడిపించాడు. అది నీళ్ళ మీద తడబడి, తేరుకుని, మునిగి, చాలా దూరంలో తేలింది.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో కట్ట కేక అని ఒక ఆనవాయితీ ఉంది. చెరువులో నీళ్ళున్నన్నాళ్ళు నీళ్ళు, చేపలు, దిగిన పక్షులు అన్నీ నీరుగంటి పూచీ. ఎవరైనా వంతు తప్పి నీళ్ళు మళ్ళించుకున్నా, చెరువును పాడుచేసినా నీరుగంటి తూము దగ్గర కట్ట ఎక్కి, ఊరి వైపు తిరిగి, ఆ ఇంటి పేరు పెట్టి మూడుసార్లు కేక వేస్తాడు. ఆ ఇంటి వంతు ఆ ఏడు అందరికంటే చివరికి పోతుంది. ఎంత పెద్ద రైతైనా కేకకు ఎదురు చెప్పకూడదు. ఇదంతా మా అవ్వ చెబితే విన్నాను తప్ప నేను ఏనాడూ కేక వినలేదు. నీళ్ళుంటే కదా తప్పులు జరగడానికి.

"నాయనా," అన్నాను. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది. "ఎవరూ చూడలేదు. కట్టెలు పీకేద్దాం. వీటిని ఈడనే పూడ్చిపెడదాం. వాడు తెలీక చేసినాడు."

పిల్లల పుస్తకాల్లో ఎర్ర పెన్నుతో తప్పులు కొట్టేసే పంతులమ్మనై ఉండి నేను అన్న మాట అది. తమ్ముడు నారు మీద ఎంత ఆశ పెట్టుకున్నాడో నాకు తెలుసు. నా ప్రసంగంలో చివరి ముక్క కూడా నా మనసులో మెదిలింది, లేదని అబద్ధం చెప్పను.

"ఇదే ఇంకొకరి వలైతే ఏమనేదానివి?" అని నాయన అడిగాడు. ఏ దరిద్రుడని అప్పుడే అన్నాను కదా.

"నాయనా, వంతు కడాకు పోతే నారు ఎండిపోతాది," అన్నాడు తమ్ముడు.

"ఎండిపోతాది," అన్నాడు నాయన. "నీళ్ళు లేనన్నాళ్ళు నన్ను నీరుగంటని పిలిచి నవ్వినారు. దానికి నాకేం సిగ్గులేదు. నీళ్ళు పెట్టుకొని కూడా నవ్వితే అది సిగ్గు. వచ్చే వారం వంతులు మొదలు. ఈ పొద్దు నా కొడుకును దాచిపెట్టుకొంటే రేపు నా మాట ఎవడింటాడు? ఆ పిడి తీసుకపోయి పాత ఇనుము బండోడికి ఏసేయొచ్చు."

ఇంటికి పోయి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. తలకు టవలు చుట్టుకున్నాడు. పిడి చేతబట్టుకుని కట్ట ఎక్కాడు. మేమిద్దరం కింద నిలబడ్డాం.

"ఊరోళ్ళారా ఇనండి! నీరుగంటి ఇంట్లో తప్పు జరిగినాది! చెరువులో వల కట్టి ఇడిసిపెట్టినారు! మూడు బాతులు సచ్చినాయి! ఈ ఏడు నీరుగంటి మడికి నీళ్ళు అందరికన్నా కడాన!"

మొదటి కేకకు ఇళ్ళలోంచి మనుషులు బయటికి వచ్చారు. రెండో కేకకు టీ అంగడి దగ్గరున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. మూడోసారి ఆయన గొంతు జీరపోయింది. "నీరుగంటి ఇంట్లో" దగ్గర ఒక్క నిమిషం ఆగి, మళ్ళీ ఎత్తుకుని చివరిదాకా చెప్పాడు. ఒక్కరు నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది, నేనన్న మాటకు సిగ్గేసింది, కానీ అన్నిటికంటే ఎక్కువగా గర్వం కలిగింది. ఆ కట్ట మీద నిలబడింది మా నాయన అని పక్కన ఎవరున్నా పట్టుకుని చెప్పాలనిపించింది. పక్కన ఉన్నది తమ్ముడు. వాడు తల దించుకుని, కోసిన వలను చేతికి చుట్టుకుంటున్నాడు.

అనంతపురం పోయే బస్సులో కూర్చుని చివరి ముక్క కొట్టేశాను. వేదిక ఎక్కి లీమరు ఫొటో చూపించాను, బాతు ఫొటో చూపించాను. లీమరుకు ఆ అడవి పోతే ఇంకో అడవి లేదని, బాతుకు ఎన్ని చెరువులున్నా అది నమ్మి దిగిన చెరువే దిక్కని చెప్పాను. గొడ్డలి దెబ్బ కొట్టేవాడికి వినబడుతుంది, వల దెబ్బ కట్టినవాడికి కూడా తెలీదని చెప్పాను. రెండు చోట్లా చంపింది చెడ్డవాళ్ళు కాదు, కరువులో నలిగినవాళ్ళు అన్నాను. ఆ వల మా ఇంటిదేనని, కట్టింది నా తమ్ముడని, కట్టెక్కి చాటింది మా నాయన అని చెప్పాను.

ముందు వరసలో ఒక పెద్దసారు లేచి, "ఇంటి సంగతులు ఇక్కడెందుకమ్మా?" అన్నాడు.

"నా ఇంటి సంగతి దాచిపెట్టుకుని మడగాస్కర్ వాళ్ళ సంగతి చెప్పే హక్కు నాకెక్కడిది సార్?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాననుకుంటాను, మైకు కీచుమంది.

వంతులు నడిచాయి. మా మడికి చివరన నీళ్ళు వచ్చేసరికి నారు సగం ఎండింది. తమ్ముడు మిగిలిన సగమే నాటాడు. వారం రోజులు నాయనతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పొద్దున కట్ట మీదికి పోయి ఆయన పక్కన కూర్చుని, తనే గులకరాళ్ళు ఏరిచ్చాడు.

శివరాత్రికి ముందు చెరువు తగ్గుముఖం పట్టింది. బాతులింకా పోలేదు. ఒక పొద్దున, ఊళ్ళో అందరికంటే పెద్ద రైతు తన వంతు కాని రోజున చెరువులోకి పైపు వేసి ఇంజను పెట్టాడని కబురొచ్చింది. రాజకీయాల్లో తిరిగే మనిషి. మా నాయనను ఏనాడూ "రేయ్" అని తప్ప పిలిచినవాడు కాదు. ఊరంతా నాయన వైపు చూసింది. ఆ రోజు ఆదివారం, నేనూ ఊళ్ళోనే ఉన్నాను. నాయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు, టవలు చుట్టుకున్నాడు, పిడి తీసుకున్నాడు. కట్ట కిందికి చేరేసరికి వెనక మోటారు సైకిలు చప్పుడైంది. ఆ పెద్ద రైతు బండి దిగి, చెప్పులు జారిపోతుంటే లెక్కచేయకుండా వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"తీసేస్తాండా, ఇంజను తీసేస్తాండా. కట్టెక్కొద్దు, అన్నా."

'అన్నా' అన్నాడు. నేను నా చెవులతో విన్నాను.

"కన్నకొడుకునే ఇడిసిపెట్టలేదు నువ్వు," అన్నాడు మళ్ళీ, మెల్లగా. "నన్నేం ఇడుస్తావు?"

"పైపు ఎత్తేటప్పుడు నిదానమప్పా. బాతులుండాయి," అని చెప్పి నాయన వెనక్కి తిరిగాడు.

ఇంటికి వచ్చి పిడిని తలుపు వెనక తగిలించబోతూ, "ఏమే, తూముకు ఆముదం యాడ పెట్టినావు?" అని అడిగాడు. అమ్మ అప్పుడే జడ విప్పుకుని కూర్చుని ఉంది, ముందర ఆముదం గిన్నె. ఎప్పటిలా దులిపేస్తుందని చూశాను. అమ్మ లేచి, తలకు ఒక్క చుక్కైనా పెట్టుకోకుండా, ఆ గిన్నె ఆయన చేతికి ఇచ్చింది.